పిల్ల – బిల్ల

బల్ల మీద ఇత్తడి బిల్ల వణుకుతోంది.

దొర్లడం లేదు. జారడం లేదు. ఉన్నచోటే ఉండి, సన్నగా, చలేసినట్టు... వణుకుతోంది.

అంటే గోడకు అవతల పెద్ద డ్రమ్ము తిరుగుతోందన్నమాట. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రి తెరలూ, ఎవరెవరివో చొక్కాలూ అందులో ఒకదాన్నొకటి వాటేసుకుని గిరగిరా తిరుగుతూ నీళ్ళు వదులుతున్నాయన్నమాట. ఆ లాండ్రీలో పనిచేసే మిగతా అందరికీ అది చెవులు చిల్లులు పడే మోత. ఆమెకు మాత్రం ఒక బిల్ల వణుకు. అరికాళ్ళ కింద చిన్న గిలిగింత. బల్లకు మోచెయ్యి ఆనిస్తే ఎముకలోకి పాకే తిమ్మిరి.

డ్రమ్ము ఆగుతుంది.

బిల్ల ఆగుతుంది.

అప్పుడామె చప్పున తలెత్తి చుట్టూ చూస్తుంది. ఎవరైనా నవ్వుతున్నారా?

నవ్వుతూనే ఉంటారు. మోత ఆగగానే మనుషులు మాట్లాడుకుంటారు, మాట్లాడుకుంటే నవ్వుకుంటారు. అన్ని చోట్లా జరిగేదే. కానీ సరిగ్గా ఆమె తలెత్తినప్పుడే వాళ్ళు నవ్వడం ఎందుకు? ఆమె చూడగానే ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎందుకు? ఆవలింతా? ఆవలింతకు కళ్ళు అలా మెరుస్తాయా?

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. అన్నవాళ్ళకు చెవులున్నాయి కాబట్టి సరిపోయింది.

*

బడిలో ఆమెను పక్కచూపు అంటారు.

చెవిటిపిల్లల బడిలో నోటితో పలికే పేర్లు హాజరు పిలవడానికే. అసలు పేర్లు చేతులవి. రెండు వేళ్ళు కంటి కొసకు ఆనించి పక్కకు లాగితే — ఆమె. ఎదుటి మనిషిని చూస్తూనే పక్క మనిషిని, అతని వెనకున్న తలుపును, ఆ తలుపు కింద కదిలే నీడను కూడా చూసేస్తుందని తోటిపిల్లలు పెట్టిన పేరు. పెట్టిన రోజున ఏడ్చింది. తర్వాత అలవాటైంది. గోడలకు కూడా చెవులుంటాయట... గోడలకున్నపాటి చెవులు తనకు లేనప్పుడు కళ్ళనే కాపలా పెట్టుకోవాలి కదా.

ఇది బడిలో ఆమెకు ఆఖరి సంవత్సరం.

ఆఖరి సంవత్సరం పిల్లలకు ఒక క్లాసు ఉంటుంది. లెక్కలు కాదు. సైన్సు కాదు. 'బడి దాటాక' — అంతే దాని పేరు. గడ్డం మీద పుట్టుమచ్చ ఉన్న టీచర్ ఆ క్లాసు చెబుతుంది. గడ్డం మీద వేలు ఆనిస్తే అదే ఆ టీచర్ చేతిపేరు. ఆ క్లాసులో అట్టపెట్టెలు బ్యాంకు కిటికీ అవుతాయి, టికెట్ల గది అవుతాయి, డాక్టరు బల్ల అవుతాయి. పెట్టె వెనక టీచర్ కూర్చుని, లోకంలో ఉన్న చెడ్డ గుమాస్తాలందరి వేషాలూ తనే వేస్తుంది. పెన్ను కొరుకుతూ మాట్లాడుతుంది. బల్ల కిందికి చూస్తూ మాట్లాడుతుంది. వీపు తిప్పేసి మాట్లాడుతుంది.

పిల్లలు పెట్టెను తట్టాలి. తట్టి ఒక్కటే అడగాలి — గొంతుతోనో, చేతులతోనో.

మళ్ళీ చెప్పండి. నా వైపు తిరిగి చెప్పండి.

పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. టీచర్ నవ్వేది కాదు.

"అర్థం కాకపోతే తల ఊపొద్దు. చచ్చినా ఊపొద్దు. మనమేమన్నా గంగిరెద్దులమా?"

చెప్పడం తేలికే. మెడ మాట వినదు. అవతలివాళ్ళ నోరు కదిలి ఆగుతుంది. వాళ్ళ కనుబొమలు పైకి లేస్తాయి. ఏదో ఒకటి అనాలి... తల దానంతటదే కిందికీ పైకీ కదిలిపోతుంది. అవతలివాళ్ళ మొహం తేటపడుతుంది. ఆ తేటదనం కోసం పక్కచూపు చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు తల ఊపిందో లెక్కలేదు. తెలియనివాటికి ఊపింది. వద్దనుకున్నవాటికి ఊపింది. ఒకసారి పన్ను పీకించుకోవడానికి కూడా ఊపింది.

పొడుగోడూ ఊపాడు.

వాడు వీళ్ళకంటే పై క్లాసువాడు. మనిషి నిచ్చెనంత పొడుగు, మనసు వెన్న. కుర్చీలు చేసే దుకాణంలో చేరాడు. రంపం పట్టాడంటే గీత గీసినట్టు కోసేవాడు. ఒక సాయంత్రం దుకాణం పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ఏదో చెప్పాడు. ఆప్యాయంగా చెప్పాడు. వీడు ఊపాడు. ఆయన చెయ్యి కలిపాడు. వీడు ఇంకా సంతోషంగా ఊపాడు. మర్నాడు పొద్దున్నే తలదువ్వుకుని పనికి వెళితే తన రంపం దగ్గర ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు.

"నిన్ననే చెప్పాం కదా. సరేనన్నాడు కదా!" అన్నారట దుకాణంవాళ్ళు టీచర్‌తో, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఈ కథ చెప్పాక టీచర్ సర్ది ఉన్న అట్టపెట్టెనే మళ్ళీ మళ్ళీ సర్దింది. పక్కచూపు అది చూసింది. ఆమె చూడనిది ఏముంది?

*

లాండ్రీలో పక్కచూపును పెట్టింది టీచరే. పరీక్షల దాకా పని నేర్చుకోవడం. తర్వాత, వాళ్ళకు నచ్చితే, ఉద్యోగం.

నచ్చితే... అన్నచోట టీచర్ చేతులు కాస్త నెమ్మదించాయి.

ఆ లాండ్రీలోకి ఈ బడి నుంచి ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు. "నువ్వు నిలబడితే నీ వెనకవాళ్ళకు తలుపు తెరుచుకుంటుంది" అంది టీచర్. మంచి మాటే. కానీ తలుపును ఒక్క మనిషి వీపుతో తెరిచి పట్టుకోమంటే ఆ వీపు సంగతేమిటి? ఆ ప్రశ్నకు క్లాసులో అట్టపెట్టె లేదు.

నిలబడకపోతే పిన్ని ఇల్లు ఉంది.

పిన్నికి చిన్నపిల్లలున్నారు, పెద్ద ఇల్లుంది, కాళ్ళనొప్పులున్నాయి. వంటింటి పక్కగదిలో మూటలన్నీ తీయించి మంచం కూడా వేయించేసింది. "పాపం, ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? నా దగ్గరే పడుంటుంది" అంటుంది. పడుంటుంది... ఆ మాట పక్కచూపు పెదవుల మీద చదివింది. పిన్ని నోరు అచ్చు పుస్తకంలా ఉంటుంది, ఒక్క అక్షరం కూడా తప్పిపోదు.

అందుకే ఆమె లాండ్రీలో మడతలు పెడుతున్నప్పుడు మంచం గుర్తుకొచ్చేది. గుర్తుకొచ్చినప్పుడల్లా మడత ఇంకా గట్టిగా నొక్కేది.

పని ఇష్టమే. అదే చిక్కు. ఇష్టం లేకపోతే భయమే ఉండేది కాదు. ఆరి వచ్చిన బట్టను బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, మూల మూలకు కలిపి మడవాలి. ఒక్కో ఇంటి బట్టలకు ఒక్కో అంకె. అంకె కొట్టిన ఇత్తడి బిల్లను పిన్నీసుతో మూటకు తగిలించాలి. ఏ మూట ఎవరిదో చెప్పేది ఆ బిల్లే. తడి ఏ మూలన దాక్కున్నా ఆమె అరచేతికి తెలిసిపోయేది. తెలిసిపోయేదనే అనుకుంది.

మాటలే తెలిసేవి కావు.

ఆవిరి ఇస్త్రీ దగ్గర ఉండే ఆవిడను అందరూ ఇస్త్రీ అక్క అంటారు. పెద్ద చేతులు, పెద్ద నవ్వు. కానీ ఎప్పుడు చూసినా పెదవుల మధ్య పిన్నీసు. మాటలన్నీ ఆ పిన్నీసును తప్పించుకుంటూ నోటి పక్కనుంచి బయటపడేవి. ఇక యజమాని మీసాలాయన. ఆ మీసం పాత ఇంటి చూరులా పైపెదవి మీదికి వాలి ఉంటుంది. మాట ఏదైనా ఆ చూరు కింద తల వంచి బయటికి రావలసిందే. దేవుడు ఒకచోట చెవులు తీసుకుని, ఇంకోచోట మీసాలు ఇచ్చి, మధ్యలో కూర్చుని తమాషా చూస్తున్నట్టుంది.

మాట పెదవుల మీద సగమే దొరుకుతుంది. మిగతా సగం నాలుక వెనక, గొంతులో, ముక్కులో దాక్కుంటుంది. ఆ సగాన్ని చూసేవాళ్ళే పూరించుకోవాలి. కొందరు నమ్మకంతో పూరించుకుంటారు.

పక్కచూపు దగ్గర అనుమానమే ఉంది. దాంతోనే పూరించుకునేది.

*

మరక ఎండ ఎక్కిన వేళలో బయటపడింది.

తెల్లటి టేబుల్ క్లాత్. మీసాలాయన దాన్ని రెండు చేతులతో కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మూలన గుండ్రంగా, ఆకుపచ్చగా... చిలుము. తడి తగిలిన ఇత్తడి కక్కే చిలుము. సరిగ్గా బిల్లంత మరక.

మడిచింది పక్కచూపే. బిల్ల తగిలించిందీ ఆమే.

ఇస్త్రీ అక్క దగ్గరికి వచ్చింది. మీసాలాయన మాట్లాడాడు. చూరు కింద పెదవులు కదిలాయి, కొంచెం కనిపించాయి, కొంచెం దాక్కున్నాయి. కనిపించినంత వరకు పక్కచూపు ఏరుకుంది, నేల మీద పడ్డ గింజలు ఏరినట్టు.

ఈ... పిల్ల వల్లే... ఇదంతా.

తీసేద్దాం.

కొత్తది... చూద్దాం.

ఇస్త్రీ అక్క తల ఊపింది. ఊపి ఇటు చూసింది. పక్కచూపు నిలబడ్డ వైపు, ఆమె ముందున్న బల్ల వైపు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కచూపు తన అరచేతులు చూసుకుంది. ఆ బట్ట తడిగా ఉందా? ఆ మూలను తాకిందా తను? లేక తడి బట్టనే ఎవరైనా కావాలని తన ముందు పడేశారా? అలా ఎవరైనా చేస్తారా? ఎందుకు చేయరు?

డ్రమ్ము తిరగడం మొదలైంది. బల్ల మీద బిల్ల వణికింది.

ఆ తర్వాత ప్రతిదీ దానికదే వచ్చి వరసలో నిలబడింది. ఇస్త్రీ అక్క టీ పోసినప్పుడు ఆమె గ్లాసులో కాస్త ఎక్కువ పోసింది. ఎందుకు? కోయబోయే కోడికే గింజలు ఎక్కువ వేస్తారు. మూటలు మోసే అతను దారి ఇచ్చి పక్కకు జరిగాడు. ఎప్పుడూ జరగనివాడు ఈ రోజు ఎందుకు జరిగాడు? జాలా? మంచితనం కూడా సాక్ష్యంగా మారిపోతే ఇక మనిషి ఎక్కడ తల దాచుకుంటాడు... ఆమె టీ తాగలేదు. చల్లారిన టీ మీద మీగడ కట్టింది. దాన్ని చూసి ఇస్త్రీ అక్క ఏదో అంది. పిన్నీసు అడ్డం. నొచ్చుకుందో, విసుక్కుందో.

పక్కచూపు తల ఊపింది. పాడు మెడ.

*

టీచర్ వచ్చింది.

అప్పుడప్పుడు వచ్చి చూసిపోవడం ఆమె పనే. మీసాలాయన గదికి అద్దం గోడ ఉంది. అద్దంలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. పక్కచూపు దిండుగలీబులు మడుస్తోంది. చేతులు గలీబుల మీద, కళ్ళు అద్దం మీద. ఆయన టేబుల్ క్లాత్ తెరిచి మరక చూపించాడు. టీచర్ వంగి చూసింది. పుట్టుమచ్చ కదిలింది, ఏదో అంటోంది. మొదటి మాట అందింది, రెండో మాట అందబోయింది...

టీచర్ వీపు తిప్పేసింది.

వీపు! ఏ టీచర్? మొహం తిప్పి మాట్లాడేవాళ్ళను అట్టపెట్టెల వెనకనుంచి వెక్కిరించి వెక్కిరించి చూపించిన టీచర్. చెవిటిమనిషి ఎదుట వీపు తిప్పడం అంటే మొహం మీద తలుపు వేయడమని బోర్డు మీద రాసిన టీచర్. ఆ టీచరే తలుపు వేసింది. వీపుకు పెదవులుండవు. వీపును ఎంత చూసినా వీపే.

బయటికి వచ్చాక టీచర్ చేతులు విప్పి చెప్పింది. "అంతా బాగుంది."

నవ్వు మరీ పెద్దదిగా ఉంది.

"అటు ఎందుకు తిరిగారు?"

టీచర్ చేతిసంచీ భుజాన సర్దుకుంది. "కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతోంది."

నిజమే కావచ్చు. మర్నాడు అదే వేళకు పక్కచూపు ఏదో పని ఉన్నట్టు ఆ గదిలోకి వెళ్ళి, టీచర్ నిలబడ్డ చోటే నిలబడింది. ఎండ కళ్ళలో పడుతుందేమో తేల్చుకుందామని.

ఆ రోజు మబ్బు పట్టింది.

*

మబ్బు పట్టిన ఆ రోజే ఆమెను మడతల బల్ల దగ్గరనుంచి తీసేశారు.

ఇస్త్రీ అక్క మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళి ఆవిరి ఇస్త్రీ పక్కన నిలబెట్టింది. దుప్పటి అంచు ఎలా పట్టాలో, వేడి ఇనప పలక ఎప్పుడు దించాలో, చేతులు ఎప్పుడు లాక్కోవాలో చూపించింది. పలక దిగిన ప్రతిసారీ బుస్సున ఆవిరి లేచేది. గది తెల్లబడేది. ఆ తెలుపులో ఎవరి మొహమూ లేదు, ఎవరి నోరూ లేదు. అనుమానించడానికి కూడా ఏమీ లేదు.

పొమ్మనలేక పొగబెట్టారని పెద్దవాళ్ళ మాట ఒకటుంది. ఇక్కడ పొగ బదులు ఆవిరి. అంతే తేడా.

తన బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఉండే బిల్లల డబ్బా కూడా లేదు. పొద్దున ఉన్న డబ్బా మధ్యాహ్నానికి లేదు. తన ఆనవాలు కూడా మిగల్చరన్నమాట! పక్కచూపుకు ఒళ్ళు మండింది. మరుక్షణం ఏడుపొచ్చింది. ఆవిరిలో రెండూ ఎవరికీ కనిపించలేదు. ఆవిరి చేసిన మేలు అదొక్కటే.

సాయంత్రం వెళ్ళిపోతూ బల్ల దగ్గర ఆగింది. బల్ల కాలి పక్కన ఏదో మెరిసింది. డబ్బా తీసుకెళ్ళినప్పుడు జారిపడిన ఒక బిల్ల. అంచున పచ్చగా చిలుము.

తీసి పిడికిట్లో పెట్టుకుంది. దొంగతనమనుకుంటే అనుకోనీ.

*

ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

అమ్మ నోరంతా తెరిచి మాట్లాడుతుంది, ఒక్కో మాటా నమిలి పెడుతున్నట్టు. బయటివాళ్ళు చూస్తే నవ్వుతారని బయట తక్కువ మాట్లాడుతుంది. పక్కచూపు గొంతు అర్థమయ్యేది కూడా ఇద్దరికే, అమ్మకూ టీచర్‌కూ. మిగతావాళ్ళు ఆ గొంతు వినగానే మొహం చిట్లిస్తారు. అందుకే ఆ గొంతు ఇల్లు దాటదు. లాండ్రీలో ఒక్కరూ దాన్ని వినలేదు.

కూర్చుంది. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేసింది. మరక సంగతి, మీసాలాయన అన్నది, అన్నట్టుగానే. ఈ పిల్ల వల్లే ఇదంతా. తీసేద్దాం.

అమ్మ చేతిలోని చిక్కుడుకాయ ఆగలేదు. నోరు తెరిచి నింపాదిగా అంది.

"పిల్లే కదా, తీసేస్తే తీసేయనీ. నీకేం పోయింది?"

పక్కచూపు లేచి నిలబడింది.

అమ్మ కూడానా?

మీసాల వెనక దాక్కున్న మాటల్ని అనుమానించింది. వీపు తిప్పిన టీచర్‌ను అనుమానించింది. కానీ ఈ నోరు! తనకు మొదటి మాట నేర్పిన నోరు. చూరు లేదు, పిన్నీసు లేదు, ఆవిరి లేదు. ఇంత స్పష్టంగా, ఇంత తేలిగ్గా... పిల్లే కదా అంటోంది. చిక్కుళ్ళ పళ్ళెం కాలికి తగిలి బోర్లా పడింది. లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడింది, ఏడ్చే మొహం తనకైనా కనిపించాలన్నట్టు.

అద్దంలో అమ్మ వెనకే వచ్చింది. కంగారుగా బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది. చీర అంచుకు ఏదో గుచ్చుతున్నట్టు చూపించింది. మళ్ళీ సున్నా.

గుండ్రంగా ఉండేది. గుచ్చేది. మూటకు తగిలించేది.

బిల్ల.

తన గొంతులోంచి బయటికి వచ్చింది బిల్ల! అమ్మ విన్నది బిల్ల. అమ్మ అన్నది బిల్లే కదా అని. తను చూసింది మాత్రం...

అద్దానికి దగ్గరగా జరిగింది. పిల్ల అంది. పెదవులు కలిశాయి, విడిపోయాయి. బిల్ల అంది. పెదవులు కలిశాయి, విడిపోయాయి. అద్దంలో ఉన్నది ఒకే నోరు, ఒకే మాట. ఇత్తడి ముక్క ఏదో, ఆడపిల్ల ఏదో అద్దానికి తెలియదు.

చిన్నప్పుడు మేనమామను మామ అనబోయి పాప అనేది. ఆరడుగుల మనిషి గుమ్మంలోకి రాగానే "పాప, పాప" అని ఎగిరేది. ఇంట్లో ఇప్పటికీ ఆయన పేరు పాపే. అప్పుడు బడిలో చిన్నక్లాసు టీచర్ ఆమె చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని నేర్పింది. మ అంటే ముక్కు కూడా వణుకుతుంది. బ అంటే పెదవులు విడవకముందే గొంతు వణుకుతుంది. ప అంటే విడిచాకే. కంటికి దొరకని తేడా వేళ్ళకు దొరుకుతుంది. ఎన్నేళ్ళయింది ఆ పాఠం చదివి! పెద్దయ్యాక ఎవరి గొంతు మీదా చెయ్యి వేయలేదు. పెద్దవాళ్ళు వేయనివ్వరు.

ఇప్పుడు అమ్మ గొంతు మీద వేసింది.

అమ్మ బెదిరింది. తర్వాత అర్థమై, కదలకుండా నిలబడింది. "బిల్ల" అంది. పెదవులు ఇంకా మూసుకునే ఉన్నాయి, వేళ్ళ కింద అప్పటికే సన్నని వణుకు. "పిల్ల" అంది. పెదవులు మూసి ఉన్నంతసేపూ నిశ్శబ్దం... విడిచాక వణుకు.

"పిల్ల" అంది అమ్మ మళ్ళీ. అడగకుండానే. "నా పిచ్చి పిల్ల." కళ్ళు తుడుచుకుంది.

మరి మీసాలాయన అన్నది ఏది?

అనుమానం తీరలేదు. కవలలను కంది. ఈ బిల్ల వల్లే ఇదంతా, చిలుము పట్టిన బిల్లను తీసేద్దాం, కొత్తది చూద్దాం... ఇది బాగానే అతుకుతుంది. డబ్బా మాయమైంది కూడా. ఈ పిల్ల వల్లే ఇదంతా, తడి చూసుకోని పిల్లను తీసేద్దాం, కొత్తది చూద్దాం... ఇదీ అంతే బాగా అతుకుతుంది. టీచర్ వీపు కూడా దీనికే అతుకుతుంది. మంచి మాటకు వీపెందుకు తిప్పుతారు?

"పిన్నికి ఫోన్ చేసేదా?" అంది అమ్మ. "వస్తోందని చెప్పేస్తే గొడవ ఒదిలిపోతుంది. ఈ నలుగురి నోళ్ళూ చూసుకుంటూ ఎన్నాళ్ళే తల్లీ?"

అమ్మ మొహం ఆశగా ఉంది. కనుబొమలు పైకి లేచి ఉన్నాయి.

పక్కచూపు మెడను రెండు చేతులతో పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది.

"రేపు అడుగుతాను."

*

పొద్దున లాండ్రీలో ఆమె ఏప్రన్ తగిలించే మేకు ఖాళీగా ఉంది.

మేకును చూస్తూ నిలబడింది. పొడుగోడు ఆ పొద్దున తలదువ్వుకుని వెళ్ళి చూసింది కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతే పోయేదేముంది? ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, తను ఏమీ చూడనక్కర్లేదు. పిన్ని ఇంట్లో మంచం మీద దుప్పటి కూడా పరిచే ఉంటుంది. కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి.

జేబులో బిల్ల తొడకు గుచ్చుకుంది.

లోపలికి నడిచింది.

ముగ్గురూ అక్కడే ఉన్నారు. మీసాలాయన, ఇస్త్రీ అక్క, టీచర్. ముగ్గురి నోళ్ళూ కదులుతున్నాయి. ఆమెను చూడగానే మూడూ ఆగిపోయాయి. ఎప్పుడూ అంతే. ఆమె వస్తుంది, నోళ్ళు ఆగుతాయి. ఇస్త్రీ అక్క చేతిలో ఏదో బట్ట ఉండ చుట్టి ఉంది. ఏప్రనా? ఉతకడానికి తీసిందా, ఇంకెవరికైనా ఇవ్వడానికా?

మీసాలాయన ఆమె వైపు తిరిగి ఏదో చెప్పాడు. పెద్ద మాటే. చూరు కింద చాలాసేపు ఏదో కదిలింది. టీచర్ చేతులు పైకి లేచాయి, దాన్ని చేతుల మాటల్లో పెట్టడానికి.

పక్కచూపు అరచెయ్యి అడ్డం పెట్టింది.

వద్దు.

టీచర్ చేతులు గాల్లో ఆగిపోయాయి. అవి మంచి చేతులు. మంచివి కాబట్టే చేదు మాటకు పంచదార అద్దుతాయి. మొన్న అంతా బాగుందన్నవి కూడా ఆ చేతులే. ఈ మాట చేతుల మీదుగా వద్దు. అన్న నోటినుంచే కావాలి. టీచర్ నేర్పిందే ఇది. టీచర్ మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. కోపమో, సంతోషమో... పుట్టుమచ్చ మాత్రం కదిలింది.

పక్కచూపు మీసాలాయనకు ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన మెడలో గొంతుముడి పైకీ కిందికీ ఆడుతోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. వేళ్ళు ఆనిస్తే చిటికెలో తేలిపోతుంది. కానీ యజమాని గొంతు పట్టుకోమని ఏ క్లాసులోనూ చెప్పరు కదా! ఆ పరిస్థితిలో కూడా ఆమెకు నవ్వొచ్చింది.

జేబులోంచి బిల్ల తీసి ఎడమ అరచేతిలో పెట్టి ముందుకు చాపింది.

కుడిచెయ్యి తన గుండె మీద పెట్టుకుంది.

ఏది?

తీసేసేది దేన్ని? దీన్నా? నన్నా?

మీసాలాయన చూపు బిల్ల మీద పడింది. గుండె మీది చేతి దగ్గరికి వచ్చింది. ఇస్త్రీ అక్క వైపు మళ్ళింది. ఇస్త్రీ అక్క పెదవుల మధ్యనుంచి పిన్నీసు తీసేసింది. ఎందుకు తీసిందో.

మీసం కదిలింది.

చూరు కింద రెండు పెదవులు కలుసుకున్నాయి. విడిపోయాయి.

పిల్ల...?

బిల్ల...?

ఆయన కనుబొమలు పైకి లేచి నిలిచాయి. జవాబు కోసం ఎదురుచూసే కనుబొమలు. పుట్టినప్పటినుంచి ఆమెకు తెలిసిన కనుబొమలు. మెడ వెనక నరం లాగింది. ఊపెయ్యి. ఊపేస్తే ఈ మొహాలన్నీ తేటపడతాయి. ఊపెయ్యి, పీడా వదిలిపోతుంది...

ఊపలేదు.

గుండె మీది చెయ్యి పైకి జరిపి తన గొంతు మీద పెట్టుకుంది. ఈ గదిలో టీచర్ తప్ప ఎవరూ వినని గొంతు. వింటే మొహాలు చిట్లుతాయి. చిట్లనీ.

"మళ్ళీ చెప్పండి."

వేళ్ళ కింద గొంతు వణికింది. ముక్కులో మొదలై, గొంతులోకి దిగి, గుండె దాకా.

అటూ ఇటూ తలలు తిరిగే ఉంటాయి. ఎవరైనా నవ్వారేమో తెలియదు. పక్కచూపు పక్కకు చూడలేదు. ఆ మీసం కిందనే, కలిసి ఉన్న ఆ రెండు పెదవుల మీదనే కళ్ళు పెట్టి నిలబడింది.

గోడకు అవతల డ్రమ్ము ఆగి ఉంది. అరికాళ్ళ కింద నేల కదలడం లేదు.

అరచేతిలో ఇత్తడి బిల్ల వణుకుతోంది.